వనభోజనాల్లో మాచా: ఆదివారం పనులు (హాల్ సంగతి కింద ఉంది, తప్పకుండా చదవండి)

కృష్ణాతీరం | బుధవారం రాత్రి 8:10

టోక్యో తెలుగువాళ్ళందరికీ నమస్కారం. 16వ తేదీ ఆదివారానికి ఇంక నాలుగు రోజులే. ఎవరి పని వాళ్ళు చూసుకుని రేపు రాత్రికల్లా ఇక్కడ ఒక మాట రాయండి. హాల్‌లో తతామి (గడ్డి చాపలు పరిచిన) గది తాళాలు, సర్దుడు నేను చూస్తాను. ఎలక్ట్రిక్ కెటిల్స్ ఐదు, ఎక్స్‌టెన్షన్ బాక్సులు ఓరుగల్లు అన్న. మాచా (జపాన్ వాళ్ళు నీళ్ళలో కలుపుకుని తాగే పచ్చ టీ పొడి) డబ్బాలు, వెదురు కవ్వాలు, జల్లెడ పిన్నిగారు. ప్రొజెక్టర్ మీద తేయాకు చరిత్ర సిక్కోలు. పులిహోర, దద్దోజనం ఎప్పటిలాగే. పిల్లల బొమ్మల మూల కొత్తగా వచ్చినవాళ్ళది. పేర్లిచ్చినవాళ్ళు 42 మంది, అందులో పిల్లలు 11.

నిషికసాయి పిన్ని | బుధవారం రాత్రి 9:25

డబ్బాలు వచ్చేశాయి బాబూ. 30 గ్రాములవి మూడు, క్యోటో దగ్గరి ఉజి మాచా. షాపులో మనిషికి ఒక్కటే ఇస్తున్నారు. 2024 చివర్లో మొదలైన కొరత ఇంకా తీరలేదు. నేనూ మా ఆయనా మా అబ్బాయీ తలా ఒకటి కొన్నాం. పెద్దవాళ్ళు 31 మందికి గిన్నెకు 2 గ్రాముల చొప్పున 62 గ్రాములు. మిగిలింది చెడగొట్టుకుని నేర్చుకోవడానికి. మొదటిసారి అందరికీ ఉండలు కడుతుంది, భయపడొద్దు.

కొత్తగా వచ్చాం | బుధవారం రాత్రి 10:02

పిన్నిగారూ, నమస్తే. ఫొటోలో డబ్బా మీద సెరిమోనియల్ గ్రేడ్ అని లేదు. ఇండియాలో మా చెల్లి అది చూసే కొనమంటుంది. ఇది పర్వాలేదా?

నిషికసాయి పిన్ని | బుధవారం రాత్రి 10:20

పర్వాలేదమ్మా. జపాన్‌లో ఆ మాటకు చట్టప్రకారం నిర్వచనం ఏమీ లేదు, ఎవరైనా రాసుకోవచ్చు. ఇక్కడి టీ షాపులో "ఉసుచా" అంటే పల్చగా తాగడానికి, "కొయిచా" అంటే చిక్కగా తాగడానికి, లేదా స్వీట్లలో వాడడానికి అని చెప్తారు. మనం కొన్నది ఉసుచా రకం. మూత తీయగానే పచ్చి బఠాణీ రంగు, లేత ఆకు వాసన ఉంటే మంచిది. పసుపు పచ్చగా, ఎండుగడ్డి వాసన వస్తే పాతబడిందని అర్థం.

కృష్ణాతీరం | గురువారం మధ్యాహ్నం 12:50

హాల్ వాళ్ళు ఇప్పుడే ఫోన్ చేశారు. తతామి గదిలో సొంత కెటిల్స్ పెట్టకూడదట. వేడినీళ్ళ గదిలో మరమ్మతు జరుగుతోంది, నెలాఖరు దాకా మూసేశారు. చాపల మీద పచ్చపొడి పడితే మరక పోదని కూడా అన్నారు. చల్లటి తిండి తినొచ్చు, టీ మాత్రం వద్దట. వంటగది ఉన్న హాళ్ళకు లాటరీ పోయిన నెలే అయిపోయింది. ఇంకో మూడు చోట్ల అడిగాను, ఆదివారం ఏదీ ఖాళీ లేదు.

ఓరుగల్లు అన్న | గురువారం మధ్యాహ్నం 1:15

ఇది నెల ముందే అడగాల్సిన మాట కదా తమ్ముడూ? ఫారంలో "టీ తాగుతాం" అని రాశావా, "నీళ్ళు కాస్తాం" అని రాశావా? నేను కెటిల్స్ కోసం ముగ్గురింటికి తిరిగిన. ప్రతిసారీ చివరి నిమిషంలోనే తెలుస్తుంది మనకు.

కృష్ణాతీరం | గురువారం మధ్యాహ్నం 1:22

అన్నా, ఆ ఫారం నింపడానికి ఆఫీసు సెలవు పెట్టి వెళ్ళాను. జపనీస్‌లో రెండు పేజీలు. "ఓచా" (టీ) అని రాస్తే హాల్ ఆఫీసులో ఆవిడ తల ఊపి ముద్ర వేసింది. మళ్ళీ అడగాలని నాకు తోచలేదు, అది నా తప్పే. కానీ "ప్రతిసారీ" అనకండి. ప్రతిసారీ ఆ వరసలో నిలబడుతున్నది ఎవరో మీకు తెలుసు. ఈసారికి వేరేవాళ్ళెవరైనా చూసుకోండి.

సిక్కోలు | గురువారం మధ్యాహ్నం 1:40

ఇద్దరూ ఆగండి. వాయిదా వేద్దామంటే 20తో కార్తీకం అయిపోతుంది, ఇదే ఆఖరి ఆదివారం. ఎవరింట్లోనైనా పెడదామంటే 42 మంది పట్టే ఇల్లు మనలో ఎవరికీ లేదు. మాచా మానేసి మామూలు వనభోజనాలు చేసుకుందామా? నాకు మనసొప్పట్లేదు. రెండు వారాలుగా మా పాప రోజూ అడుగుతోంది.

నిషికసాయి పిన్ని | గురువారం సాయంత్రం 6:30

ఇప్పుడే పని నుంచి వచ్చి అంతా చదివాను.

వనభోజనాలని పేరు పెట్టి గది కోసం ఎందుకు కొట్టుకుంటున్నాం? జపాన్ వాళ్ళు బయట చెట్ల కింద కూర్చుని మాచా కలుపుకోవడాన్ని "నొదాతె" అంటారు. నాకు టీ కలపడం నేర్పిన సెన్సెయి (గురువుగారు) ఏటా ఒకసారైనా మమ్మల్ని అలా తీసుకెళ్ళేవారు. పైగా ఇది నవంబర్. మే నెలలో కోసిన ఆకును జాడీలో సీలు వేసి దాచి, నవంబర్‌లో మొదటిసారి మూత తీస్తారు. కుచికిరి అంటారు దాన్ని. టీ వాళ్ళకు కొత్త సంవత్సరం లాంటిది. ఆ నెలలోనే మనకు కార్తీకం వచ్చింది. ఇంతకంటే మంచి రోజు దొరకదు.

కసాయి రింకాయ్ పార్క్‌కి వెళ్దాం. స్టేషన్ దిగితే ఎదురుగానే ఉంటుంది, తాతలూ బామ్మలూ నడవగలరు. బార్బెక్యూ చోటులో తప్ప నిప్పు వెలిగించకూడదు, కాబట్టి స్టవ్వులు వద్దు. నీళ్ళు ఇంట్లోనే కాచి థర్మాస్‌లలో తెచ్చుకుందాం.

తమ్ముడూ, నువ్వు లేకుండా పని జరగదు. అలిగి పక్కకు పోవద్దు.

ఓరుగల్లు అన్న | గురువారం రాత్రి 7:05

తమ్ముడూ, పొద్దున నుంచి ఆఫీసు టెన్షన్‌లో ఉండి నోటికొచ్చింది రాసిన. తప్పు నాదే. నువ్వు సెలవు పెట్టినవని నాకు తెల్వదు. పొద్దున పార్క్ ఆఫీసుకు నేనే పోయి అడుగుత, నువ్వు ఫోన్ పక్కన పెట్టి పడుకో.

కృష్ణాతీరం | గురువారం రాత్రి 7:30

సరే అన్నా. నేనూ ఆ మాట అనాల్సింది కాదు. హాల్ డబ్బులు సగమే వెనక్కి వస్తాయి, మిగతాది నేను పెట్టుకుంటాను.

ఓరుగల్లు అన్న | గురువారం రాత్రి 7:32

ఎందుకు పెట్టుకుంటవ్? సగం సగం.

సిక్కోలు | గురువారం రాత్రి 8:15

ఒక్క అనుమానం. పొద్దున పోసిన నీళ్ళు మధ్యాహ్నానికి చల్లారిపోవా? మాచాకు మరుగుతున్న నీళ్ళు కావాలి కదా?

నిషికసాయి పిన్ని | గురువారం రాత్రి 8:50

అక్కర్లేదు, మరుగుతున్న నీళ్ళు పోస్తేనే చేదెక్కుతుంది. 70 నుంచి 80 డిగ్రీలు చాలు. ఇంట్లో అయితే కాచి దించి, ఇంకో గ్లాసులోకి ఒకసారి ఒంపి, అక్కణ్ణించి గిన్నెలో పోస్తాం. ప్రతి ఒంపుకీ వేడి కొంత తగ్గుతుంది. థర్మాస్ అట్ట మీద చూడండి, ఆరు గంటల తర్వాత ఎన్ని డిగ్రీలకు తగ్గకుండా ఉంచుతుందో రాసి ఉంటుంది. మా లీటరు థర్మాస్‌కి 80 దాటే ఉంది. పొద్దున ఆరున్నరకు సలసల కాగేవి పోసుకుంటే మధ్యాహ్నానికి మనకు కావలసిన వేడికి వస్తాయి. ముందు థర్మాస్‌ని వేడినీళ్ళతో ఒకసారి తొలిపి పారబోయండి, అది మర్చిపోతే వేడి కొంత పోతుంది.

గిన్నెకు 60, 70 మిల్లీలీటర్లే పోస్తాం. గిన్నె వెచ్చబెట్టుకోవడం, కవ్వాలు నానబెట్టడం కూడా కలుపుకుంటే ఇంటికొక లీటరు చాలు.

కొత్తగా వచ్చాం | గురువారం రాత్రి 9:10

అక్కడ సముద్రం గాలి బాగా వీస్తుంది. పోయిన నెల మేం తీసుకెళ్ళిన పేపర్ ప్లేట్లన్నీ ఎగిరిపోయాయి. ఈ పొడి నిలుస్తుందా?

నిషికసాయి పిన్ని | గురువారం రాత్రి 9:35

మంచి మాట అన్నావమ్మా, నాకు తట్టలేదు. ఇది తిరగలి పొడి. నీడలో పెంచిన ఆకును ఆవిరి పట్టి, నలపకుండా ఆరబెట్టి, ఈనెలూ కాడలూ తీసేసి రాతి తిరగలిలో విసురుతారు. ఒక్క తిరగలికి గంటకు 40 గ్రాములు కూడా కష్టమే. మన మూడు డబ్బాలంటే తిరగలి రెండు గంటలకు పైగా తిరిగినట్టు. దాన్ని గాలికి వదలకూడదు.

శనివారం రాత్రి మా ఇంట్లో జల్లించి, చిన్న మూత డబ్బాల్లో 2 గ్రాముల చొప్పున వేసి ఇస్తాను. జల్లెడ పట్టడం మాత్రం మానకూడదు, ఉండలు కట్టకుండా కాపాడేది అదే. ఇంట్లో చేసుకునేటప్పుడు త్రాసు లేకపోతే టీస్పూన్ తలకొట్టి ఒకటి. ఫ్రిజ్‌లో పెట్టిన డబ్బాని తీసిన వెంటనే తెరవొద్దు. గది వేడికి వచ్చాక తెరవాలి, లేకపోతే చెమ్మ పట్టి పాడవుతుంది. తెరిచాక రెండు మూడు వారాల్లో తాగేయండి.

సిక్కోలు | శుక్రవారం ఉదయం 7:45

వెదురు కవ్వాలు ఆరే ఉన్నాయి కదా పిన్నీ. మా ఇంట్లో అమ్మ ఇచ్చిన మజ్జిగ కవ్వం ఉంది, తెమ్మంటారా? లేకపోతే మూత సీసాలో పోసి ఊపేద్దామా?

నిషికసాయి పిన్ని | శుక్రవారం ఉదయం 8:20

వేడినీళ్ళు సీసాలో పోసి ఊపొద్దు, ఆవిరికి మూత ఎగిరి చేతులు కాలతాయి. చల్లటి నీళ్ళతో అయితే సీసాలో బాగానే కలుస్తుంది.

మజ్జిగ కవ్వం అరచేతుల మధ్య గుండ్రంగా తిరుగుతుంది. మాచాకు అలా కాదు. మణికట్టు వదులుగా పెట్టి ముందుకీ వెనక్కీ వేగంగా ఆడించాలి. గిన్నె అడుగుకు నొక్కితే వెదురు ఊచలు విరుగుతాయి. నీళ్ళన్నీ ఒకేసారి పోయకుండా ముందు కొంచెం పోసి పేస్టులా మెదిపితే కొత్తవాళ్ళకు తేలిక. నురగ వచ్చాక పైపైన మెల్లగా తిప్పితే పెద్ద బుడగలు పగిలి సన్నటి నురగ నిలుస్తుంది. 15, 20 సెకన్ల పని. టీ నేర్పే సంప్రదాయాల్లో నేను నేర్చుకున్నది ఉరసెంకె పద్ధతి, అందులో నురగ నిండుగా తెస్తారు. ఒమొతెసెంకె అనే ఇంకో సంప్రదాయం వాళ్ళు అంత నురగ తేరు. ఏదీ తప్పు కాదు.

ఆరు కవ్వాలు చాలు. ఎవరిది వాళ్ళు కలుపుకోరు, ఒకరు కలిపి ఇంకొకరి చేతిలో పెడతారు. ఆరుగురు కలుపుతుంటే ఆరుగురు తాగుతారు, తర్వాత చోట్లు మారతారు. ఇవి నారా దగ్గరి తకయామాలో చేత్తో చీల్చి చేసినవి. గిఫులో టూరిస్టులు వెళ్ళే తకయామా వేరు. వాడే ముందు ఒక నిమిషం వేడినీళ్ళలో నానబెట్టండి. తర్వాత వట్టి నీళ్ళతో కడగండి, సబ్బు వద్దే వద్దు.

గిన్నెలు ఇంటి నుంచే తెచ్చుకోండి, అడుగు వెడల్పుగా ఉన్న పింగాణీవి. స్టీలు గిన్నె చేత్తో పట్టుకోలేరు.

కొత్తగా వచ్చాం | శుక్రవారం ఉదయం 8:55

పిల్లలకు ఇవ్వొచ్చా? నాకు ఐదో నెల.

నిషికసాయి పిన్ని | శుక్రవారం మధ్యాహ్నం 12:10

శుభం తల్లీ! 2 గ్రాముల మాచాలో 64 మిల్లీగ్రాముల దాకా కెఫీన్ ఉంటుంది. నీ డాక్టర్‌ని అడిగి, ఆవిడ చెప్పినంతే తాగు. రక్తం తక్కువ ఉన్నవాళ్ళు భోజనంతో పాటు తాగొద్దు, ఐరన్ ఒంటికి పట్టనివ్వదు. చిన్నపిల్లలకు పొడి వద్దు. కలపడం మాత్రం వాళ్ళ చేతే చేయిద్దాం, వాళ్ళకు భలే ఇష్టం. వాళ్ళకు తాగడానికి బార్లీ టీ తెస్తాను.

ఓరుగల్లు అన్న | శుక్రవారం మధ్యాహ్నం 12:40

పార్క్ ఆఫీసుకు పోయొచ్చిన. చాపలు పరుచుకుని తినొచ్చు తాగొచ్చు. డబ్బులు వసూలు చేయొద్దు, మైకులు వద్దు, చెత్త ఇంటికి తీసుకుపోవాలె. ఉసిరి దీపం మాత్రం ఎవరింట్లో వాళ్ళు పెట్టుకుని రావాలె. జెయింట్ వీల్‌కు ఇవతల చెట్ల వరస ఉంది, గాలి అక్కడ కొంచెం తక్కువ.

సిక్కోలు | శుక్రవారం రాత్రి 9:00

స్వీట్ ముందా, టీ ముందా? సున్నుండలు చేస్తున్నాను.

నిషికసాయి పిన్ని | శుక్రవారం రాత్రి 9:12

స్వీటే ముందు. అది తిన్నాక నోట్లో తీపి ఉండగానే మాచా తాగాలి. సున్నుండ బాగా కుదురుతుంది. చిన్నవి కట్టు, నెయ్యి కాస్త తగ్గించు. నెయ్యి నాలుకకు అంటుకుంటే టీ రుచి తెలియదు.

ఇంకో మాట. డిసెంబర్‌లో హైదరాబాద్ వెళ్ళేవాళ్ళు డబ్బాలు తీసుకెళ్తామంటున్నారు కదా. అక్కడ బోరు నీళ్ళతో చేయకండి. ఆ ఉప్పు నీళ్ళకు రుచి చచ్చిపోతుంది, నురగ కూడా సరిగా రాదు. ఫిల్టర్ నీళ్ళు కాచి చేయండి.

కృష్ణాతీరం | శనివారం మధ్యాహ్నం 12:45

మా థర్మాస్ పరీక్ష చేశాను. పొద్దున 6:30కి పోశాను, 12:30కి చూస్తే 81 ఉంది. ఒక గిన్నె కలిపి మా ఆవిడకు ఇచ్చాను. ఉండలు రెండు తేలాయి గానీ మొత్తం తాగింది, ఇంకొకటి అడిగింది. రేపు పదకొండింటికి స్టేషన్ గేటు బయట నిలబడతాను. పెద్ద చాపలు ఎవరి దగ్గర ఉన్నాయి?

ఓరుగల్లు అన్న | శనివారం మధ్యాహ్నం 12:51

నా దగ్గర రెండు ఉన్నయ్. నేను పదింటికే పోయి చెట్ల కింద పరుస్త.