సమస్య: “బురద లేని యింట బువ్వ లేదు”

ఆటవెలది పద్యానికి చివరి పాదం ఇచ్చాం, పై మూడూ మీరు పూరించాలి. దీని తాళం ‘ఇంట’ అన్న మాటలో ఉంది: బురద ఇంట్లో ఎందుకుండాలి?

కోనసీమ రైతు:
దుక్కి దున్ని నీరు తోడి దమ్మును చేసి
చెక్క తోలి చదును చేసినంత
నాటఁ గంకి వేయు నాలుగు నెలలకు
బురద లేని యింట బువ్వ లేదు

పరిశీలకుడు: యతులు సరిపోయాయి. సేద్యమే రెండుచోట్ల తప్పింది. ‘చేసినంత నాట’ అంటే మడిని చదును చేసే చెక్క తోలగానే నాటేశారు! బంకనేలలో ఒకటి రెండు రోజులు బురద పేరుకోవాలి. లేకుంటే నారు లోతుకు దిగి పిలకలు తగ్గుతాయి. నాటే లోతు రెండు మూడు సెంటీమీటర్లు చాలు. ఇక స్వర్ణ లాంటి 150 రోజుల వరి రకమైనా నాటిన మూడు నెలలకే కంకి వేస్తుంది, నాలుగో నెలాఖరుకు కోత. ‘చెక్క తోలి మన్ను చిక్కఁబడఁగ / నాటఁ గోఁత కందు నాలుగు నెలలకు’ అనండి. ‘ఇంట’ మాత్రం ఇంకా పొలం గట్టునే ఉంది.

పద్మప్రియ:
పంకమందుఁ బుట్టు పంకజమ్మున లక్ష్మి
యుండు; లక్ష్మి లేక యుప్పు లేదు;
పద్మ మలరు చెఱువె పంట కాధారమ్ము
బురద లేని యింట బువ్వ లేదు

పరిశీలకుడు: ‘యుప్పు లేదు’ చాలా బాగుంది. మీ బురద కూడా చెరువు దాటి ఇంటికి రాలేదు.

మట్టిగోడ:
అడుసు త్రొక్కి గోడ లమరించి పైఁగప్పి
పొయ్యి వేసి పూసి పొంతఁ బెట్టి
కుండ నెసరు పోయఁ గూడగు నన్నింట
బురద లేని యింట బువ్వ లేదు

పరిశీలకుడు: తాళం తీశారు. ‘అన్నింట’ గణం నింపడానికి వచ్చిన మాట. ‘బెట్టి’ని ‘బెట్టు’ చేసి, మూడో పాదం ‘కుండకైన మన్నె, గోడకైనను మన్నె’ అంటే బిగువు వస్తుంది.

కోనసీమ రైతు: గోడకు బురదేమిటండీ? జారిపోదూ?

పరిశీలకుడు: న్యాయమైన ప్రశ్న. నీరెక్కువై జారేది బురద, ఉండ చేస్తే నిలిచేది అడుసు. గొడ్లు తొక్కి రేపింది రొంపి (రొంప పట్టిందంటే మాత్రం ముక్కు సంగతి). కాలు దిగబడితే ఊబి, వరద వదిలి వెళ్లింది ఒండ్రు, కొట్టంలో పేడా మూత్రమూ కలిస్తే రొచ్చు. నిఘంటువు కొన్నింటిని ఒక గాటనే కట్టినా పనిలో ఒకదాని బదులు ఇంకోటి చెల్లదు.

మట్టిగోడ: బంకమట్టిని రాత్రంతా నానబెడితే తెల్లారేసరికి ఉండేది బురదేనండి. తరిగిన గడ్డి కలిపి తొక్కితేనే అడుసు అవుతుంది. గడ్డి తక్కువైతే ఆరేటప్పుడు బీటలు తీస్తుంది. మూరెడు ఎత్తు పెట్టి, అది ఆరాకే పై వరుస. తొందరపడితే కింద వరుస పొట్ట ఉబ్బుతుంది.

పరిశీలకుడు: ఒప్పుకున్నాను. పద్యంలో ఆ ‘త్రొక్కి’ని కదపకండి.