సమస్యాపూరణం: బుద్ధభక్తుఁడె బౌద్ధుల భూమిఁ గొనియె

నిర్వాహకుడు: ఈ వారం తేటగీతి పాదం. సందర్భం కొరియాలో 1392 నాటి చోసన్ రాజ్యస్థాపన. సేనాపతి యీ సాంగ్‌గ్యే గొర్యో వంశాన్ని దించి రాజయ్యాడు, తేజో అనిపించుకున్నాడు. వ్యక్తిగా బౌద్ధుడే. అతన్ని నిలబెట్టిన పండితులు మాత్రం కన్ఫ్యూషియస్ మార్గం వాళ్లు. పన్నుల్లేని భూములు, బానిసలతో బలిసిన మఠాలంటే వాళ్లకు గిట్టదు.

పూరణ 1 (ఒక సభ్యురాలు):

దండు మరలించి విహ్వాదొ దాటకుండ,
గొర్యొ రాజుల తొలగించి కొలువుదీరి,
మునుపు మైత్రేయు రాకకై మ్రొక్కినట్టి
బుద్ధభక్తుఁడె బౌద్ధుల భూమిఁ గొనియె!

విమర్శ: భూమిని రాజ్యమని తీసుకోవడంతో చిక్కు విడిపోయింది. గొ–కొ యతి చక్కగా కుదిరింది. పరభాషా నామం కాబట్టి 'దో'ని హ్రస్వం చేసినా తప్పులేదు. అయితే 1388లో సైన్యం విహ్వాదో దీవి దాకా వచ్చేసింది. దాటనిది చైనా సరిహద్దున ఉన్న యాలూ నదిని. ఆ పాదం ఒకసారి చూడండి. మూడో పాదం మాత్రం నాకు ఎంతో నచ్చింది. 1932లో కుమ్‌గాంగ్ కొండమీద ఒక రాతిపెట్టె బయటపడింది. అందులో బంగారు పూత పూసిన చిన్న వెండి స్తూపం, తెల్లటి పింగాణీ గిన్నెలు ఉన్నాయి. రాజు కాకముందు 1390–91లో యీ సాంగ్‌గ్యే, భార్యతో కలిసి, రాబోయే బుద్ధుడైన మైత్రేయుడి రాక కోరుతూ సమర్పించినవి అవి. ఆయన భక్తి నటన కాదనడానికి నాకు ఈ ఒక్క పెట్టె చాలు.

పూరణ 2 (మరో సభ్యుడు):

గురువుగా నిల్పి ముహకుని కొలువులోన,
మడులు మాన్యాలు మఠముల మఱల లాగి
కలిమి నంతయు రాజ్యానఁ గలుపుకొనుచు
బుద్ధభక్తుఁడె బౌద్ధుల భూమిఁ గొనియె!

విమర్శ: ధార బాగుంది, ఛందస్సులో లోపం లేదు. భిక్షువు ముహక్‌ని రాజగురువుగా పెట్టుకున్నదీ నిజమే. కానీ మఠాల మడులు లాక్కున్నది తేజో కాదు, కొడుకు తేజాంగ్. బౌద్ధాన్ని ఖండిస్తూ 1398లో గ్రంథం రాసిన మంత్రి జంగ్ దోజన్‌ని అదే ఏడాది చంపించింది ఈ కొడుకే. సింహాసనం ఎక్కాక, 1406లో గుర్తింపు ఉన్న గుడులను 242కి కుదించి, మిగతావాటి భూములు, బానిసలను ప్రభుత్వం కిందికి తెచ్చిందీ ఇతనే. మనిషిని చంపి అతని వాదాన్ని అమలు చేశాడు. రాజ్యానికి కావలసింది వాదం కంటే భూమి అని నాకు అనిపిస్తుంది. తండ్రి అప్పటికి బతికే ఉన్నాడు. ప్రశ్నగా మారిస్తే పాదం నిలుస్తుంది:

గురువు ముహకుండు గతియింపఁ గొడుకు రాజు
మఱుసటేఁట మఠంబుల మడులు లాగె;
తండ్రి కేటికి నపవాదు తగులఁజేయ?
బుద్ధభక్తుఁడె బౌద్ధుల భూమిఁ గొనియె?

పూరణ 2 సభ్యుడు: సవరణ బాగుందండీ. కానీ తండ్రిని పూర్తిగా వదిలేయలేను. 1391 భూచట్టం తెచ్చింది ఆయన వర్గమే కదా! గుడులకు భూదానం చేయకూడదని అందులోనే ఉంది.

నిర్వాహకుడు: ఉంది. అయితే కొత్త దానాలు ఆపడం వేరు, ఉన్న మడులు లాక్కోవడం వేరు. ఆ చట్టం మీద ఇంకో పూరణ రాయండి, చూద్దాం.