అప్పగింతల ఫోటో బ్లాక్ అండ్ వైట్ చేస్తే బాపు మొహం మసి పూసినట్టు వస్తోంది

పరకాల తమ్ముడు:
అందరికీ నమస్తే. పోయిన మాఘంలో పరకాల దగ్గర ఒక ఫంక్షన్ హాల్లో మా అక్క పెండ్లి అయింది. అప్పగింతలప్పటి ఫోటో ఒకటి ఉంది, బాపు అక్క చేతులు పాలపళ్లెంలో ముంచి వాళ్ల అత్తమ్మ చేతుల్లో పెడుతున్నాడు, కళ్లలో నీళ్లు నిండుగా ఉన్నాయి కానీ ఇంకా జారలేదు. మా బాపు ఏడవడం మేం ఎప్పుడూ చూడలేదు. అమ్మ దాన్ని పెద్దగా చేయించి ముందరి అర్రలో పెట్టమంటోంది.

స్టేజీ మీద ఊదా రంగు ఎల్ఈడీలు వేశారు. బాపు అంగీ ఊదాగా, మొహం ఒక పక్క గులాబీగా పడింది. అందుకే బ్లాక్ అండ్ వైట్ చేద్దామనుకున్నా. లైట్‌రూమ్‌లో డ్రమాటిక్ అనే ప్రీసెట్ (రెడీమేడ్ సెట్టింగ్) వేస్తే అంగీ సున్నం కొట్టిన గోడలా, మొహం మసిలా వచ్చింది. కాంట్రాస్ట్ తగ్గిస్తే చప్పబడిపోతోంది. ఎక్స్‌పోజర్ పెంచితే మొహం కనిపిస్తుంది గానీ అది మా బాపు కాదు, ఎవరో వేరే మనిషి. పత్తి చేలో ఎండకు పనిచేసిన మనిషి, నల్లగానే ఉంటాడు, ఫోటోలోనూ అలాగే ఉండాలి. నా దగ్గర జేపెగ్ మాత్రమే ఉంది. ఎట్ల చెయ్యాలో చెప్పండి.

కాజీపేట కెమెరా:
తమ్ముడూ, ముందు ఆ ఫోటోగ్రాఫర్‌కు ఫోన్ చేసి ఈ ఒక్క ఫోటో రా ఫైల్, అంటే కెమెరా తీసింది తీసినట్టు దాచిన ఫైల్, ఉందేమో అడుగు, ఆల్బమ్ అంతా అడిగితే ఇవ్వకపోవచ్చు, ఒక్కటి అంటే ఇస్తారు. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి, 14 బిట్ల రా అయితే 16384. నీడలు లాగినప్పుడు ఆ తేడా తెలుస్తుంది.

దొరక్కపోయినా పని ఆగదు. ఊదా లైట్‌లో ఉండేది ఎరుపు, నీలం. ఆ రెండు ఛానెళ్లు, అంటే ఫోటోలో ఆ రంగుల పొరలు, నిండిపోయి మొహం మీద మచ్చలు మచ్చలుగా ఉంటాయి. ఆకుపచ్చ ఛానెల్ కొంచెం చీకటిగా ఉన్నా వివరం చాలాసార్లు అందులోనే మిగులుతుంది. ఫోటోషాప్‌లో ఛానెల్స్ తెరిచి ఒక్కొక్కటీ విడిగా చూడు, బాపు బుగ్గ మీద ముడతలు ఎందులో బాగున్నాయో నీకే కనిపిస్తుంది. ఛానెల్ మిక్సర్‌లో మోనోక్రోమ్ టిక్ పెట్టి ఆకుపచ్చ 80 దాకా, ఎరుపు 20 దగ్గర పెట్టి మొదలుపెట్టు. నీలం సున్నా, నాయిజ్ (గరుకు చుక్కలు) ఎక్కువగా ఉండేది దాంట్లోనే. లైట్‌రూమ్‌లోనే చేస్తానంటే పర్పుల్, మెజెంటా స్లయిడర్లు చివరిదాకా లాగకు, చర్మం పొలుసులు లేచినట్టు అవుతుంది.

హన్మకొండ అక్క:
నాకైతే రంగు తీసెయ్యడం నచ్చదు తమ్ముడూ. అప్పగింతల ఫోటోలో పసుపు, కుంకుమ, పారాణి లేకపోతే ఏం మిగులుతుంది? పైగా ఎర్ర పట్టు చీర, వెనక మామిడాకుల తోరణం, రెండూ ఒకే బూడిద రంగులోకి వచ్చి కలిసిపోతాయి. ముందు అంగీ మీద వైట్ బ్యాలెన్స్ (లైట్ రంగు తీసేసి తెలుపును తెల్లగా చేసేది) క్లిక్ చేసి చూడు.

కాజీపేట కెమెరా:
అక్కా, మామూలు లైట్ అయితే నేనూ అదే చెప్పేవాణ్ణి. పసుపు మీద పడిందే ఊదా లైట్ అయినప్పుడు కెమెరాకు పసుపు అందనే లేదు, వైట్ బ్యాలెన్స్ ఎక్కడి నుంచి తెస్తుంది? చీర, తోరణం సంగతి మాత్రం నిజం. తమ్ముడూ, తోరణాన్ని బ్రష్‌తో చీకటి చెయ్యి, చీర విడిపడుతుంది.

చౌరస్తా పాత స్టూడియో:
బాబూ, వరంగల్‌లో డార్క్‌రూమ్ ఉన్న రోజుల నుంచి ఈ పనిలో ఉన్నాను, అందుకని కొంచెం పెద్దగా రాస్తున్నా. నీ మాటలో నాకు బాగా నచ్చింది ఆయన నల్లగానే ఉండాలన్నది. మేం పెండ్లి సంబంధాల ఫోటోలకు నెగెటివ్ మీద పెన్సిల్‌తో రుద్దేవాళ్లం, రుద్దిన చోట ప్రింట్ తెల్లబడుతుంది, ఆడపిల్లలందరినీ అలా తెల్లగా చేసి పంపాం. అడిగారు కాబట్టి చేశాం కానీ అది తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

నల్లటి మొహం అంటే నల్లటి ప్రింట్ కాదు. అమెరికా ఫోటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ పద్ధతిలో నలుపు నుంచి తెలుపు దాకా 0 నుంచి 10 వరకు జోన్లు, అందులో నల్లని చర్మానికి చోటు 5, సరిగ్గా నట్టనడుమ. నీ ప్రీసెట్ ఆయన్ను 2కో 3కో తోసేసింది, అందుకే మసి. రామప్ప గుడిలో మదనికలను చూశావు కదా, రాయి నల్లనిదే, నునుపు మీద వెలుగు జారిన గీతతోనే నగ, నడుము, వేలు అన్నీ తెలుస్తాయి. రాయిని తెల్లబరిస్తే ఆ బొమ్మే ఉండదు.

కాబట్టి ప్రీసెట్ తీసెయ్యి, ఫోటో అంతటికీ కాంట్రాస్ట్ పెంచకు. చప్పగా ఉన్నదాంతోనే మొదలుపెట్టు. ముందు అంగీ మీద మాస్క్ వేసి, అంటే అంగీ ఒక్కటే ఎంచుకుని, హైలైట్స్ (బాగా తెల్లబడ్డ భాగాలు) దించు, మడతలు కనిపించేదాకా. నీ ఫోటోలో కన్ను ముందు అంగీ మీదికే పోతోంది, అది తగ్గితే మొహం దానంతట అదే లేస్తుంది, నువ్వు ఎక్స్‌పోజర్ ముట్టుకోనే అక్కర్లేదు. తర్వాత వెనక సెల్‌ఫోన్లు పట్టుకుని నిలబడ్డ జనాన్ని, లైట్లను చీకట్లోకి తొయ్యి. డ్రామా అక్కడి నుంచి రావాలి. చివరికి చిన్న బ్రష్, ఫ్లో (బ్రష్ మోతాదు) 10 లోపు, వెలుగు పడిన పక్క బుగ్గ ఎముక, ముక్కు గీత, కంటి కింద తడి, చేతుల మీద పాలు, వీటిని కొంచెం కొంచెంగా లేపు. వెలుగు లేని చోట వెలుగు పుట్టించకు. క్లారిటీ స్లయిడర్ మొహం మీద వద్దు, చెమట మురికిలా కనిపిస్తుంది.

ములుగు రోడ్డు ల్యాబ్:
ప్రింట్ గురించి ఒక్క మాట. స్క్రీన్ మీద చూసినదానికన్నా ప్రింట్ చీకటిగా వస్తుంది, స్క్రీన్ బ్రైట్‌నెస్ సగానికి తగ్గించి ఎడిట్ చెయ్యి. 12x18 అంగుళాల ప్రింట్‌కు అంగుళానికి 300 చొప్పున 3600x5400 పిక్సెళ్లు కావాలి, క్రాప్ చేసేముందు చూసుకో. కలర్ పేపర్ మీద బ్లాక్ అండ్ వైట్ కొడితే ఒక్కోసారి పచ్చ ఛాయ వస్తుంది, ముందు 4x6 ఒకటి కొట్టించి పగటి వెలుతురులో చూడు. గ్లాసీ వద్దు, ముందరి అర్రలో ట్యూబ్‌లైట్ అంతా మొహం మీదే మెరుస్తుంది, మ్యాట్ తీసుకో.

పరకాల తమ్ముడు:
రా ఫైల్ దొరకలేదు, డిలీట్ చేశాడట. ఆకుపచ్చ ఛానెల్‌తోనే చేశాను. అంగీ దించగానే మొహం పైకొచ్చింది పెద్దనాయనా, మీరు చెప్పినట్టే, నాకు నమ్మబుద్ధి కాలేదు. తోరణం దగ్గర ఇంకా కొంచెం పని ఉంది. 4x6 కొట్టించి అమ్మకు చూపిస్తే చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత బాపు మెడ మీద కండువా మడత పక్కకు పోయిందని వేలితో సర్దబోయింది.