కేంద్రక రంధ్రం దగ్గర జీటీపీ ఖర్చయ్యేది ఎక్కడ?

ప్రశ్న

నమస్కారం. కణ కేంద్రకం చుట్టూ ఉన్న త్వచంలోని కేంద్రక రంధ్రాల పాఠం చదువుతూ ఒకచోట ఆగిపోయాను. సుమారు 40 కిలోడాల్టన్ల (డాల్టన్ అంటే అణువుల ద్రవ్యరాశికి కొలమానం) లోపు ప్రోటీన్లు విసరణ ద్వారా వాటంతట అవే రంధ్రం దాటగలవని, అంతకు మించినవాటికి ఇంపోర్టిన్ అనే వాహక ప్రోటీన్ తోడు కావాలని, అందుకు జీటీపీ అనే శక్తినిచ్చే అణువు ఖర్చవుతుందని పుస్తకంలో ఉంది. కానీ ఇంపోర్టిన్ వచ్చి అతుక్కుంటే సరుకు, అంటే అది మోసే ప్రోటీన్, ఇంకా పెద్దదవుతుంది కదా! విడిగానే పట్టనిది, మరింత లావెక్కాక ఎలా పడుతుంది? జీటీపీ శక్తితో రంధ్రమే దాన్ని లోపలికి లాగుతుందని అనుకోవచ్చా?

మొదటి జవాబు

లాగదండీ. రంధ్రం అనగానే ఖాళీ బెజ్జం గుర్తుకు రావడం వల్లే ఈ చిక్కు వస్తుంది. అది దాదాపు 30 రకాల ప్రోటీన్లు, ఒక్కో రకం అనేక ప్రతులుగా, ఎనిమిది రేకుల పువ్వు ఆకారంలో కూడుకున్న కట్టడం. వెన్నెముక గల జీవుల్లో దాని ద్రవ్యరాశి 10 కోట్ల డాల్టన్లకు పైమాటే. ఈ ప్రోటీన్లలో కొన్నింటి తోకలు ఏ మడతా లేకుండా నడిమి దారిలోకి వేలాడుతుంటాయి. ఆ తోకల్లో ఫినైల్ అలనిన్, గ్లైసిన్ అనే అమైనో ఆమ్లాల జంట పదేపదే కనిపిస్తుంది. మామూలు పెద్ద ప్రోటీన్‌కు ఈ పోగుల గుబురే అడ్డు. ఇంపోర్టిన్లలో ఒకటైన ఇంపోర్టిన్ బీటా ఉపరితలం మీద మాత్రం ఫినైల్ అలనిన్ ఇమిడే గుంటలున్నాయి కాబట్టి, అది పోగులను క్షణకాలం పట్టుకుంటూ, వదులుతూ, వాటి మధ్య నుంచి కొన్ని మిల్లీసెకన్లలోనే దాటిపోగలదు. అంటే ఇక్కడ సైజు కన్నా పోగులతో పొత్తు కుదరడం ముఖ్యం.

దీన్ని కళ్లకు కట్టే ప్రయోగం 1984లో కార్ల్ ఫెల్డ్‌హెర్ బృందం చేసింది. న్యూక్లియోప్లాస్మిన్ అనే కేంద్రక ప్రోటీన్‌ను బంగారు రేణువులకు పూసి, కప్ప అండకణపు కణద్రవ్యంలోకి ఎక్కిస్తే, రేణువులు రంధ్రాల నడుమ నుంచి లోపలికి వెళ్తూ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో నల్లని చుక్కలుగా దొరికిపోయాయి. వాటిలో 20 నానోమీటర్ల రేణువులు కూడా ఉన్నాయి. ప్రోటీన్‌కు బదులు ఒక కృత్రిమ పాలిమర్ పూసిన రేణువులు దాదాపుగా బయటే మిగిలాయి.

రెండో జవాబు

పై వివరణకు జీటీపీ సంగతి జోడిస్తాను. దాటడానికి శక్తి అక్కర్లేదు. దిక్కు నిలబెట్టడానికి కావాలి. రాన్ అనే చిన్న ప్రోటీన్ జీటీపీతోనో జీడీపీతోనో (జీటీపీలో ఒక ఫాస్ఫేట్ తెగిపోగా మిగిలేది; ఆర్థికశాస్త్రం వారి జీడీపీ కాదు) ఉంటుంది. రాన్‌కు జీటీపీని అందించే ఆర్‌సీసీ1 అనే ప్రోటీన్ కేంద్రకంలోని క్రొమాటిన్‌ను (డీఎన్‌ఏ, ప్రోటీన్ల కూర్పును) అంటిపెట్టుకుని ఉంటుంది. ఆ జీటీపీని విడగొట్టించే రాన్‌గ్యాప్ అనే ప్రోటీన్ కణద్రవ్యం వైపు ఉంటుంది. అందువల్ల కేంద్రకంలో రాన్-జీటీపీ ఎక్కువగా, బయట రాన్-జీడీపీ ఎక్కువగా ఉంటాయి. సరుకుతో లోపలికి చేరిన ఇంపోర్టిన్‌కు రాన్-జీటీపీ తగలగానే సరుకు ఊడిపోతుంది. ఖాళీ ఇంపోర్టిన్ రాన్-జీటీపీతో కలిసి బయటికి వస్తుంది. అక్కడ రాన్‌గ్యాప్ ప్రభావంతో జీటీపీ విడిపోయి, ఇంపోర్టిన్ మళ్లీ కొత్త సరుకుకు సిద్ధమవుతుంది. మీరు వెతుకుతున్న ఖర్చు పడేది అక్కడ, సరుకు దిగిపోయిన తర్వాత.

ఎగుమతి వాహకమైన సీఆర్‌ఎమ్1 తీరు దీనికి తలకిందులు: రాన్-జీటీపీ తోడుంటేనే సరుకును గట్టిగా పట్టుకుంటుంది, బయట జీటీపీ విడిపోగానే వదిలేస్తుంది. రాన్-జీటీపీని కణద్రవ్యం వైపు ఎక్కువ చేస్తే రవాణా దిక్కే తిరగబడుతుందని 1999లో ప్రయోగపూర్వకంగా చూపారు. ఈ అంశం మొత్తంలో నాకు అన్నిటికన్నా గట్టి సాక్ష్యంగా తోచేది అదే.

ప్రశ్న అడిగినవారు

చాలా స్పష్టమైంది, ధన్యవాదాలు. ఇంకొక్క సందేహం. అంతర్జీవద్రవ్య జాలంలోకి వెళ్లే ప్రోటీన్లకు సాధారణంగా సంకేత భాగం కత్తిరింపబడుతుంది కదా. ప్రోటీన్‌ను కేంద్రకానికి చేర్చే సంకేతం కూడా లోపలికి చేరాక తెగిపోతుందా? అలాగే ఆర్‌ఎన్‌ఏ ఎగుమతి కూడా రాన్ మీదే ఆధారపడుతుందా?

మూడో జవాబు

ముందుగా ఒక చిన్న సవరణ. 40 కిలోడాల్టన్లన్నది గోడలాంటి హద్దు కాదు. పరిమాణం పెరిగేకొద్దీ విసరణ క్రమంగా మందగిస్తుంది. డీఎన్‌ఏ చుట్టుకునే హిస్టోన్ ప్రోటీన్లు అంతకన్నా చాలా చిన్నవైనా ఇంపోర్టిన్ల సాయంతోనే వెళ్తాయి.

ఆర్‌ఎన్‌ఏలన్నిటిదీ ఒకే దారి కాదు. అమైనో ఆమ్లాలను మోసే టీఆర్‌ఎన్‌ఏ రాన్ మీద ఆధారపడిన వాహకంతోనే వెళ్తుంది. ప్రోటీన్ తయారీ సమాచారాన్ని మోసే ఎంఆర్‌ఎన్‌ఏలో అధికభాగాన్ని ఎన్‌ఎక్స్‌ఎఫ్1 అనే వేరే ప్రోటీన్ దాటిస్తుంది, దానికి రాన్‌తో పనిలేదు. రంధ్రపు బయటి అంచున డీబీపీ5 అనే హెలికేజ్ (ఆర్‌ఎన్‌ఏ మడతలను విప్పే ఎంజైమ్ రకం) ఏటీపీ అనే శక్తి అణువును వాడుతూ ఆ వాహకాలను ఊడదీయడం వల్ల ఎంఆర్‌ఎన్‌ఏ వెనక్కి జారిపోదు. కైరోనోమస్ అనే కీటకపు లాలాజల గ్రంథుల్లో దాదాపు 50 నానోమీటర్ల ఆర్‌ఎన్‌ఏ-ప్రోటీన్ ఉండలు రంధ్రం దగ్గర విప్పుకుని, రిబ్బనులా సాగి, 5' కొన (ఆర్‌ఎన్‌ఏ తయారీ మొదలయ్యే కొన) ముందుగా బయటికి రావడం ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు చిత్రాల్లో చూడవచ్చు.

ఇక సంకేతం సాధారణంగా తెగిపోదు. ఎస్‌వీ40 వైరస్‌కు చెందిన పెద్ద టీ-యాంటిజెన్ అనే ప్రోటీన్‌లో అది ఏడు అమైనో ఆమ్లాల ముక్క. అందులో లైసిన్ అనే ఒక్క అమైనో ఆమ్లాన్ని మార్చినా ప్రోటీన్ కణద్రవ్యంలోనే ఉండిపోతుంది. మన కణాలు విభజన చెందినప్పుడల్లా కేంద్రక త్వచం విడిపోయి, లోపలి ప్రోటీన్లు కణమంతా చెదిరిపోతాయి. త్వచం మళ్లీ ఏర్పడ్డాక అవన్నీ తిరిగి లోపలికి వెళ్లాలంటే అదే సంకేతం చెక్కుచెదరకుండా ఉండాలి.