గీజరు పెట్టినందుకే బిల్లు పెరిగిందా? రాడ్డే నయమా?

సూదీదారం:
మాది ఆదిలాబాద్. కింద నేను, మా అబ్బాయి ఉంటాం. మేడ మీద రెండు గదులు కిరాయికి ఇచ్చాను. వాళ్లు దసరా తర్వాత వాటర్ హీటర్ రాడ్డు పక్కన పడేసి 15 లీటర్ల గీజరు పెట్టించుకున్నారు. 2000 వాట్లది. ఇంటికంతా ఒకటే మీటరు, పైవాళ్లకు సబ్ మీటరు. నవంబరులో మొత్తం 188 యూనిట్లు కాలితే డిసెంబరులో 252 కాలాయి. బిల్లు పదిహేను వందలు దాటింది! వద్దన్నా వినకుండా గీజరు పెట్టింది వాళ్లే కాబట్టి ఈ బిల్లు మొత్తం వాళ్లే కట్టాలన్నాను. ససేమిరా అంటున్నారు. గీజరుకు ఎంత కాలుతుందో తెలిసినవాళ్లు చెప్పండి.

పాతకాపు:
ఇందులో తెలియనిదేముంది? రాడ్డు 1500 వాట్లు, గీజరు 2000 వాట్లు. ఏది ఎక్కువో ఒకటో తరగతి పిల్లాడు చెబుతాడు. మా ఇంట్లో ముప్పై ఏళ్లుగా రాడ్డే.

లెక్కల_మాస్టారు:
వాట్లు చూస్తే సరిపోదు పాతకాపు గారూ, ఎంతసేపు వేశారన్నది కూడా చూడాలి. బకెట్‌కి 18 లీటర్ల నీళ్లనుకుందాం. 20 డిగ్రీల చల్లటి నీళ్లను 42కి తేవాలంటే దేనితో కాచినా అర యూనిట్‌కి కాస్త తక్కువే కాలుతుంది. రాడ్డుకు 18 నిమిషాలు పడుతుంది, గీజరుకు 14. అంతే తేడా. నీళ్లకు కావలసిన వేడి మారదు.

చలిమంట:
నాలుగు కట్టెలు ఎగేసి కాగు పెట్టండి, ఏ మీటరూ తిరగదు.

పాతకాపు:
మాస్టారూ, పుస్తకం లెక్కలు వద్దు. మా మీటరు ముందు నిలబడి చూశాను. ఎర్ర లైటు మినుకుమంటుంది కదా, ఇంట్లో అన్నీ కట్టేసి రాడ్డు ఒక్కటే వేస్తే నిమిషానికి 80 సార్లు మినుకుమంది. మా అల్లుడింట్లో గీజరు వేసి చూస్తే 107. ఇంకేం కావాలి?

లెక్కల_మాస్టారు:
భేష్, సరిగ్గానే లెక్కపెట్టారు. మీటరు మీద 3200 అని రాసి ఉంటుంది, లైటు అన్నిసార్లు వెలిగితే ఒక యూనిట్. నిమిషానికి 80 అంటే 1500 వాట్లు, 107 అంటే 2000. కానీ మీరు చూసింది ఒక్క నిమిషం. బకెట్ కాగేదాకా నిలబడితే రెంటికీ దాదాపు ఒకటే అంకె వస్తుంది.

పాతకాపు:
చలిలో అంతసేపు మీటరు దగ్గర నిలబడే ఓపిక మీకుంటే నిలబడండి. 107 పెద్దదా, 80 పెద్దదా? అది చెప్పండి చాలు.

లీడ్స్_నుంచి:
ఇక్కడ ఇంగ్లండ్‌లో యూనిట్ దాదాపు పాతిక పెన్నీలు. మన లెక్కలో దాదాపు ముప్పై రూపాయలు. హీటర్ ఆపేసి, పిల్లలతో సహా అందరం రజాయిల్లో దూరి టీవీ చూస్తున్నాం. మీరు పదిహేను వందలకే గొడవపడుతున్నారు.

కిరాయి_బతుకు:
లీడ్స్ అన్నా, పేరు చూస్తే ఆవిడది కుట్టుపనిలా ఉంది. ఆవిడకు పదిహేను వందలంటే ఎన్నో జాకెట్లు కుట్టిన కూలి. పోలిక కుదరదు.

నలుగురిలో_ఒకడు:
రాడ్డు పక్కన పడేయడమే మంచిది. స్విచ్ ఆపకుండా నీళ్లలో చెయ్యి పెట్టి మా అమ్మ షాక్ తింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో రాడ్డు లేదు.

లెక్కల_మాస్టారు:
పాతకాపు గారి మాటలో ఒకటి మాత్రం నిజం. రాడ్డు బకెట్‌లో నీళ్లనే కాస్తుంది. గీజరు 15 లీటర్లనూ 60 డిగ్రీలదాకా కాచి పెడుతుంది, అంటే ముప్పావు యూనిట్‌కి దగ్గర. ఒక్కరే స్నానం చేసి మిగతా నీళ్లు వదిలేస్తే ఆ వేడి వృథా. పొద్దంతా స్విచ్ వేసి ఉంచితే చల్లారినప్పుడల్లా మళ్లీ అందుకుంటుంది. సూదీదారం గారూ, పైన ఎంతమంది? గీజరు ఎంతసేపు వేస్తారు? సబ్ మీటరులో ఎంత పెరిగింది?

సూదీదారం:
మొగుడు, పెళ్లాం, ఆమె తల్లి. నెల కిందే కాన్పయింది, పసిబిడ్డ. నవంబరులో పైన 76, కింద 112. డిసెంబరులో పైన 134, కింద 118. గీజరు పొద్దున అరగంట అంటారు. ఎవరు చూశారు?

లెక్కల_మాస్టారు:
పైన పెరిగింది 58 యూనిట్లు. ముందు కూడా రాడ్డుతో నీళ్లు కాచుకున్నవాళ్లే కదా, గీజరుకు మారినంత మాత్రాన అంత పెరగదు. బాలింత, పసిబిడ్డ ఉన్న ఇల్లు, పైగా ఆదిలాబాద్ చలి. గది హీటరేమైనా ఉందా?

సూదీదారం:
ఉన్నట్టుంది. రాత్రి కిటికీలోంచి ఎర్రగా వెలుగు కనిపిస్తుంది. బిడ్డ కోసం చిన్న బల్బేమో అనుకున్నాను.

లెక్కల_మాస్టారు:
బల్బు కాదమ్మా. రెండు గొట్టాలు ఎర్రగా కాలే చిన్న హీటరైతే 800 వాట్లు. రోజుకు రెండు గంటలు వేస్తే నెలకు 48 యూనిట్లు. మీ లెక్క దొరికింది. గీజరు మీద ఉత్త నింద.

పాతకాపు:
హీటరైనా గీజరైనా వేసింది వాళ్లే కదా! రాడ్డుతో సరిపెట్టుకుంటే ఈ బాధ ఉండేదా?

కిరాయి_బతుకు:
పసిబిడ్డకు రాడ్డు పెడతారా సార్? తెల్లవారుజామున అక్కడ పది డిగ్రీల లోపుకి దిగుతుంది.

సూదీదారం:
బిడ్డకు వెచ్చగా పెట్టుకోవద్దని నేనెందుకంటాను? నా బాధ వేరు. ఇన్నాళ్లూ మా ఇంటికి జీరో బిల్లే. రేషన్ కార్డు మీద నెలకు 200 యూనిట్ల దాకా ఉచిత కరెంటిచ్చే గృహజ్యోతి పథకం మొదలైనప్పటి నుంచి ఒక్క నెల కూడా 200 దాటనివ్వలేదు. ఫ్రిజ్ కూడా ఆపి ఆపి వాడాను. వాళ్ల వల్ల ఇప్పుడు బిల్లు మొత్తం నా మీద పడింది. 201 అయినా మొదటి యూనిట్ నుంచి కట్టాల్సిందే కదా.

కిరాయి_బతుకు:
ఆగండక్కా. ఇన్నాళ్లూ జీరో బిల్లు అన్నారు. మరి పైవాళ్ల దగ్గర సబ్ మీటరు చూసి ఏమీ తీసుకోలేదా?

సూదీదారం:
యూనిట్‌కి ఎనిమిది రూపాయలు. ఈ ఊళ్లో అందరూ అంతే తీసుకుంటారు.

కిరాయి_బతుకు:
అదీ సంగతి! సర్కారు మీకు సున్నా బిల్లు ఇస్తే, మీరు వాళ్ల దగ్గర 76 యూనిట్లకు 608 రూపాయలు తీసుకున్నారు. నెలనెలా. ఇప్పుడు బిల్లు రాగానే మొత్తం వాళ్ల నెత్తిన రుద్దుతున్నారు. హైదరాబాద్‌లో నేనూ ఇలాగే కట్టాను. మా ఓనరు యూనిట్‌కి పది తీసుకునేవాడు, బిల్లు చూపించమంటే ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడు. రెండేళ్లు నోరు మూసుకుని కట్టాను.

సూదీదారం:
నేను మీ ఓనర్ని కాను! కార్డు నాది, మీటరు నా పేరున ఉంది. వాళ్ల ట్యాంకుకు నీళ్లెక్కించే మోటారు, మెట్ల లైటు నా లెక్కలోనే కాలతాయి. ఆయన పోయాక ఈ రెండు గదుల కిరాయి, కుట్టు మిషను, ఇవే మాకు ఆధారం. ఆ ఆరు వందలతో నేనేమైనా బంగారం కొన్నానా?

నలుగురిలో_ఒకడు:
ఇప్పుడర్థమైంది. గొడవ గీజరు గురించి కాదు.

పాతకాపు:
గీజరు గురించే.

లెక్కల_మాస్టారు:
అమ్మా, కోపం లేకుండా వినండి. 252 యూనిట్లు ఒకే మీటరు మీద పడితే మొదటి 200కి 5.10 చొప్పున, మిగతా 52కి 7.70 చొప్పున పడుతుంది. కరెంటు ఛార్జే 1420. అవే యూనిట్లు రెండు మీటర్ల మీద 118, 134గా పడి ఉంటే ఒక్కొక్కరికి మొదటి వందకి 3.40, ఆపైన 4.80. రెండూ కలిపి 930. అంటే 490 రూపాయలు ఒకే మీటరు ఉన్నందుకే పోయాయి. పైవాళ్లకూ కార్డు ఉంటే, వాళ్లకు విడి మీటరు ఉంటే, కిరాయికి ఉన్నవాళ్లకు కూడా పథకం వర్తిస్తుంది. ఇద్దరికీ సున్నానే వచ్చేది.

సూదీదారం:
విడి మీటరు పెట్టిస్తే పైభాగానికి వేరే ఇంటి నంబరు కావాలంటారు, దానికి పన్ను వేరే. రేపు వాళ్లు ఖాళీ చేస్తే ఆ మీటరు ఏం చేసుకోను? పైగా నెలకు వచ్చే ఆ ఆరు వందలూ పోతాయి. ఉన్నమాటే చెబుతున్నాను, దాచేదేముంది.

కిరాయి_బతుకు:
ఇదే మొదటే చెప్పి ఉంటే నేను ఇంతగా అరిచేవాణ్ని కాదు. మోటారుకు, మెట్ల లైటుకు ఇంత అని విడిగా అడగండక్కా. రాని బిల్లుకు యూనిట్‌కి ఎనిమిది అని మాత్రం చెప్పకండి. వాళ్లకూ బాలింత ఖర్చులున్నాయి.

చలిమంట:
నా కాగు మాట ఎవరూ పట్టించుకోలేదు.

సూదీదారం:
ఇందాక పైకి వెళ్లాను. బాలింత మంచం పక్కన హీటరు ఎర్రగా కాలుతోంది, మాస్టారు చెప్పినట్టే రెండు గొట్టాలు. పిల్ల ముక్కు మాత్రం చల్లగానే ఉంది. సగం బిల్లు ఇస్తే చాలన్నాను. ఆ అబ్బాయి సరేనన్నాడు. కానీ ఈ ఏడాది బిల్లులన్నీ ఒకసారి చూపించమంటున్నాడు. చూపించాలా?

కిరాయి_బతుకు:
మీరు అడిగారంటేనే జవాబు మీకు తెలుసు అక్కా.

పాతకాపు:
ముందు ఆ గీజరు పీకించండి.