బ్రిడ్జీల మరమ్మతు: ఏది ముందో మోడల్ చెప్పాలా, ఇంజనీర్ చెప్పాలా?

అంబర్‌పేట వాసి:
హైదరాబాద్ నగరంలో ఈ ఏడాది ఏ బ్రిడ్జికి మరమ్మతు చేయాలి, దేన్ని కూల్చి కొత్తది కట్టాలి అన్నది ఆప్టిమైజేషన్ మోడల్ అనే కంప్యూటర్ లెక్కతో తేల్చాలంటాను. ఉన్న బడ్జెట్‌లో ఏ వరసలో చేస్తే ముప్పై ఏళ్లలో మొత్తం ఖర్చు తగ్గుతుందో అది లెక్క కడుతుంది. పేపర్లో ఫొటో పడ్డ పగులుకే ముందు డబ్బులిచ్చే పద్ధతి పోవాలి. ఏమంటారు?

రిటైర్డ్ ఇంజనీర్:
నేను ఒప్పుకోను. మోడల్‌కి తెలిసేది తనిఖీలో వంతెన స్థితికి మనం వేసిచ్చిన మార్కులే. 1967లో అమెరికాలో సిల్వర్ బ్రిడ్జి కూలి 46 మంది చనిపోయారు. కారణం ఒక్క ఇనుప కడ్డీలో బయటికి కనపడని పగులు. మన మూసీలోనూ వరద పునాది దగ్గర మట్టిని కోసుకుపోతే, పైన రోడ్డు నున్నగానే ఉంటుంది. ఆ రోడ్డు చూసి మంచి మార్కులు వేస్తే కంప్యూటర్ ఆ వంతెనను జాబితా అడుగుకు తోసేస్తుంది.

మలక్‌పేట అమ్మాయి:
సార్, అది తనిఖీలో లోపం. మోడల్ లేకపోయినా ఉంటుంది. సిల్వర్ బ్రిడ్జి కూలాకే అక్కడ దేశమంతటా తనిఖీ నిబంధనలు వచ్చాయి. 1990ల్లో పాంటిస్ అనే సాఫ్ట్‌వేర్ ఆ తనిఖీ వివరాలతోనే పనిచేసింది. ఈ స్థితిలో ఉన్న డెక్, అంటే బండ్లు నడిచే పైపలక, వచ్చే ఏడాదికి ఇంకో మెట్టు దిగజారే అవకాశం ఎంత అన్నదే దాని లెక్క.

అసలు నష్టం 'అధ్వానంగా ఉన్నదే ముందు' అనే అలవాటుతో. ఫ్లైఓవర్ మీద రెండు పలకల మధ్య ఖాళీలో ఉండే ఎక్స్‌పాన్షన్ జాయింట్ రబ్బరు చిరిగిందనుకోండి. వాననీళ్లు నేరుగా కింద పలకను మోసే బేరింగుల మీదికి, స్తంభం తల మీది పియర్ క్యాప్ మీదికి కారతాయి. లోపలి కడ్డీ తుప్పుపట్టి ఉబ్బుతుంది, కాంక్రీటు పెచ్చులూడుతుంది. జాయింట్ మార్చడం చిన్న ఖర్చు. ఆలస్యం చేస్తే ఫ్లైఓవర్ మూసి, రెండు స్తంభాల మధ్య ఉండే స్పాన్‌ను జాకీలతో లేపి బేరింగులు మార్చాలి. అధ్వానమైనవాటికే బడ్జెట్ అంతా పోస్తే ఇలాంటివి ఏటా అధ్వానమైనవాటిలో చేరుతూనే ఉంటాయి.

ఇంకోటి, మూసీ మీది మూసారాంబాగ్ పాత వంతెన. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జంట జలాశయాల గేట్లు ఎత్తితే మునిగేది, ట్రాఫిక్ చాదర్‌ఘాట్ వంతెన వైపు పడేది. కాంక్రీటుకు ఎన్ని మార్కులొచ్చినా, జనం చుట్టుతిరుగుడు ఖర్చు కూడా కలిపితేనే దాని అసలు అవసరం తెలుస్తుంది. ఆ రెండు చోట్లా ఒకేసారి పనులు పెట్టకూడదని మోడల్‌లో షరతుగా రాయొచ్చు కదా?

రిటైర్డ్ ఇంజనీర్:
ఆ షరతు నాకు నచ్చిందమ్మా. చుట్టుతిరుగుడు ఖర్చూ కలపాల్సిందే. కానీ పెద్ద వరద వచ్చిన ప్రతిసారీ నీటి అడుగున పునాది చూడాలి. చూడని వంతెనకు మార్కులు వేయకూడదు, ఖాళీ వదిలి ముందు తనిఖీకి పంపాలి. ఆ నిబంధన రాసిస్తే మోడల్‌కి నా ఓటు.

అంబర్‌పేట వాసి:
మార్కులు, వరస రెండూ జనానికి కనపడేలా వెబ్‌సైట్‌లో పెట్టాలి. ఇంజనీర్ వరస మారిస్తే ఎందుకో పక్కనే రాయాలి.