ఇంగ్లిష్ రాతపని ఆలస్యమైతే మార్కు కొయ్యాలా, వద్దా?

నాగావళి_గట్టు · సోమవారం, రాత్రి 9:10
తొమ్మిదో తరగతి, జిల్లా పరిషత్ హైస్కూలు, 44 మంది. ఎఫ్‌ఏలో (ఫార్మేటివ్ అసెస్‌మెంట్, ఏడాది మధ్యలో బడిలో మనమే వేసే మార్కులు) రాతపనికి 10 మార్కులుంటాయి కదా, దాని గురించే. సోమవారం డిస్కోర్స్ (డైరీ, ఉత్తరం లాంటి సొంత రాత) ఇచ్చి శనివారానికి తెమ్మంటే 20 పుస్తకాలు వస్తున్నాయి. మిగతావి ఆ పై బుధవారం దాకా ఒక్కొక్కటీ రాలుతున్నాయి. రోజుకి ఒక మార్కు చొప్పున కోసి, అయిదు రోజులు దాటితే సున్నా వెయ్యమని స్టాఫ్‌రూమ్‌లో సగం మంది. మిగతా సగం వద్దంటున్నారు. ఇంగ్లిష్ చెప్పేవాళ్లు మీరేం చేస్తున్నారో చెప్పండి.

ఎర్రపెన్ను · 9:32
కొయ్యండి. గడువు పెట్టేది పిల్లల్ని ఏడిపించడానికి కాదు, దిద్దేవాడి లెక్క కుదరడానికి. మూడు సెక్షన్లు, 44, 41, 38 అనుకోండి. మొత్తం 123 పుస్తకాలు. పుస్తకానికి 4 నిమిషాలు వేసుకున్నా 492 నిమిషాలు, అంటే ఎనిమిది గంటల పైమాటే. వారంలో ఖాళీ పీరియడ్లు పది ఉన్నాయనుకుంటే 450 నిమిషాలు. అందులో ఎవరో ఒకరు సెలవు పెట్టి రెండు మూడు సబ్‌స్టిట్యూషన్‌కి పోతాయి. పుస్తకాలన్నీ ఒక రోజున వస్తేనే కట్టగా దిద్దగలం. రోజుకి ఆరేసి వస్తే ప్రతిసారీ ఆ ప్రశ్న మళ్లీ చదువుకుని, మార్కుల కొలత మళ్లీ గుర్తు తెచ్చుకోవాలి. మొదట దిద్దిన పుస్తకానికి 7 పడితే, వారం తర్వాత వచ్చిన అలాంటి పుస్తకానికే 5 పడుతుంది. అన్యాయమంటే అది.

వంశధార · 9:58
లెక్క సరే గానీ మార్కు దేనికండీ? రాతపనికి 10 మార్కులు వేసేటప్పుడు సొంత మాట ఉందా, వాక్యం నిలబడిందా, డైరీ డైరీలా ఉందా అని చూస్తాం. తేదీ అందులో లేదు. తేదీకి మార్కు కోస్తే మీరు కొలిచేది ఇంగ్లిష్‌ని కాదు. జూలై, ఆగస్టుల్లో ఉభాలు, అంటే వరి నాట్లు, నడుస్తుంటే ఇంట్లో ఎవరు మిగిలారో, తమ్ముణ్ణి ఎవరు ఎత్తుకున్నారో దాన్ని కొలుస్తున్నారు.

ఇంకో సంగతి. శనివారం గడువు అన్నిటికంటే చెడ్డది. పుస్తకం శనివారం మీ చేతిలో పెట్టినవాడికి ఆదివారం చదువుకోడానికి ఆ పుస్తకం ఉండదు. మీరేమో 44 పుస్తకాల సంచి మోసుకుని బస్సెక్కాలి.

కిటికీ_పక్క_సీటు · 10:03
శనివారం వద్దు. గురువారం పెట్టండి.

ఉద్దానం_కొబ్బరి · 10:11
మాకు గురువారం సంత. సగం మంది రారు.

కిటికీ_పక్క_సీటు · 10:12
అయితే బుధవారం.

తోటపాలెం_మేడం · 10:20
వారం ఏదైనా దసరా వెళ్లాక వచ్చే వారాన్ని మాత్రం వదిలెయ్యండి బాబూ. పైడితల్లి పండగ, సోమవారం తొలేళ్లు, మంగళవారం సిరిమాను. ఆ వారం గడువు పెట్టినవాడు విజయనగరం వాడు కాడు.

ఎర్రపెన్ను · 10:34
ఉభాలు అన్నారు కాబట్టి అడుగుతున్నా. ఉభాలు ప్రతి ఇంటికీ ఉంటాయా? నెలంతా ఉంటాయా? పొలం ఉన్న గుంటడు శనివారానికే తెస్తున్నాడు, బడి పక్క వీధివాడు బుధవారం తెస్తున్నాడు. ఎగ్గొట్టేవాడికి పొలం పేరు మనమే అందిస్తే ఎలా?

వంశధార · 10:57
బడి పక్క వీధివాడు ఎందుకు ఆలస్యం చేస్తున్నాడో చూద్దాం. వాడికి రాయడం రాదు. ముందు రాసినవాడి పుస్తకం దొరికేదాకా ఎదురు చూస్తున్నాడు. అది శనివారం మీ దగ్గరుంటుంది, సోమవారం తిరిగి వస్తుంది, మంగళవారం వీడు ఎక్కించుకుంటాడు, బుధవారం తెస్తాడు. మీరు మార్కు కోస్తే ఏం చేస్తాడు? శుక్రవారం రాత్రే ఎవరి పుస్తకమో పట్టుకుని ఎక్కించి శనివారానికి తెస్తాడు. గడువు గెలిచింది, రాత ఓడింది.

ఎక్కించిన పుస్తకాన్ని పట్టుకోడం కష్టం కాదు. ఒకే తప్పు ఎనిమిది పుస్తకాల్లో ఒకే వరసలో ఉంటుంది. లేదా పదో వాక్యం దాకా 'ఐ యామ్ గో' అని రాసినవాడు పదకొండో వాక్యంలో ఉన్నట్టుండి 'బ్లిస్‌ఫుల్' అంటాడు. అది గైడు.

అందుకే మొదటి ముసాయిదా ఇంటికి పంపకూడదు. డైరీ తీసుకోండి. మొదటి రోజు మాట్లాడించడం, పదిహేను నిమిషాలు, పిల్లలు చెప్పిన మాటల్లోంచి బోర్డు మీద పది పన్నెండు పదాలు. వాక్యాలు మాత్రం రాయకూడదు, రాస్తే 44 పుస్తకాల్లో అవే వాక్యాలు వస్తాయి. రెండో రోజు తరగతిలోనే ఇరవై నిమిషాలు ఎవరికి వారు రాయాలి, మాటలు ఉండవు. ఆరు వాక్యాలు వస్తే చాలు. మూడో రోజు గుంపుల్లో చదువుకుని సరిచేసుకోవాలి. ఇక్కడే చాలామంది దెబ్బ తింటారు. ఐదుగురి గుంపులో చురుకైన పిల్ల రాసేస్తుంది, నలుగురు చూస్తారు. గుంపుకి ఒక్క కాగితం ఇస్తే అంతే అవుతుంది. ఎవరి కాగితం వాళ్ల ముందుండాలి, పక్కవాడి కాగితం మీద పెన్సిల్‌తో గీత గీయాలి తప్ప తిరగరాయకూడదు. నాలుగో రోజు ఫెయిర్. ఇంటికి వెళ్లేది అదొక్కటే, పావుగంట పని. ఎంత ఉభాలున్నా పావుగంట దొరుకుతుంది.

హాస్టల్_గంట · 11:05
హాస్టల్ పిల్లలకి సాయంత్రం స్టడీ అవర్ ఉంటుంది, ఇంగ్లిష్ తెలిసినవాళ్లు ఉండరు. గది మొత్తానికి ఒక్క గైడు. తరగతిలో రాయించమన్న మాట వాళ్లకి పనికొస్తుంది.

ఎర్రపెన్ను · మంగళవారం, ఉదయం 6:40
వంశధార గారూ, విడి కాగితాల ముచ్చట బాగుంది గానీ పని జరగదు. 44 మంది, రెండు కాగితాలు, నెలకి రెండు డిస్కోర్స్‌లు, అంటే నెలకి 176 కాగితాలు. సగం జేబులో చెమటకి తడుస్తాయి, సగం వేరుశనగలు పొట్లం కట్టుకోడానికి పోతాయి. తనిఖీకి వచ్చినవాళ్లు ఏం అడుగుతారు? పుస్తకం చూపించు, దిద్దిన తేదీ, సంతకం ఉన్నాయా అంటారు. విడి కాగితం చూపిస్తే ఇది పనే కాదంటారు.

బొబ్బిలి_కోట_వెనక · 6:58
దానికి విరుగుడుంది మాస్టారూ. పుస్తకం తెరిస్తే ఎడమ పేజీ రఫ్, కుడి పేజీ ఫెయిర్. కాగితం పోదు, తనిఖీవాళ్లకి పుస్తకమే కనిపిస్తుంది, తేదీ రెండు పేజీల మీదా పడుతుంది. ఎడమ పేజీ ఖాళీగా ఉండి కుడి పేజీ నిండితే ఎక్కించాడని చూడగానే తెలుస్తుంది. ఎడమ పేజీలో కొట్టివేతలు లేకపోయినా అంతే.

చిక్కల్లా పుస్తకం త్వరగా అయిపోవడం. ప్రశ్నలు జవాబులకి కూడా అదే పుస్తకం వాడితే డిసెంబరుకి నిండిపోతుంది. డిస్కోర్స్‌లకి వేరే పుస్తకం పెట్టాలి. జూన్‌లో ప్రభుత్వ కిట్‌లో వచ్చే నోటుపుస్తకాల్లో ఒకటి అట్ట వేయించి పక్కన పెట్టించండి, ఆగస్టులో అడిగితే లెక్కలకి వాడేశామంటారు.

ఎర్రపెన్ను · 7:15
ఎడమ పేజీ ఆలోచన బాగుంది. ఒప్పుకుంటున్నా. ఎడమ పేజీ కూడా దిద్దాలా?

బొబ్బిలి_కోట_వెనక · 7:21
అన్ని తప్పులూ దిద్దొద్దు. వారానికి ఒక్క రకం. 'ఐ డిడ్ నాట్ వెంట్ టు స్కూల్ బికాజ్ మై ఫాదర్ ఈజ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్' అని రాశాడనుకోండి. ఆ వారం భూతకాలం నడుస్తుంటే 'డిడ్ నాట్ వెంట్' కింద గీత, 'ఈజ్' కింద గీత. సరైన మాట మీరు రాయకండి, గీత చాలు, వాడే కుడి పేజీలో మార్చాలి. 'స్కూల్', 'ఫీవర్' స్పెల్లింగులు తప్పున్నా ఆ వారం వాటి జోలికి పోవద్దు. పేజీ మొత్తం ఎర్రగా చేస్తే ఏ తప్పు ముఖ్యమో వాడికి తెలియదు, దించుకుని రాసేస్తాడు.

అందరివీ నిండా దిద్దొద్దు. ఈ వారం రోల్ నంబర్లు 1 నుంచి 15, పై వారం 16 నుంచి 30, ఆ పై వారం మిగతావాళ్లు. పదిహేను పుస్తకాలు, నాలుగు నిమిషాల చొప్పున గంట. మిగతా 29 పుస్తకాలకి అర నిమిషం చొప్పున, ఎడమ పేజీ ఉందా లేదా అని చూపు, మరో పావుగంట. మూడు సెక్షన్లకీ కలిపి నాలుగు గంటల లోపే. ఎర్రపెన్ను గారి 492 నిమిషాల్లో సగం మిగిలింది.

వంశధార · 8:02
సగం మిగిలింది కాబట్టి ఆలస్యంగా వచ్చిన పుస్తకం దిద్దడానికి టైముందిప్పుడు. ఇక మార్కు కోతకి కారణం ఏటి?

ఎర్రపెన్ను · 8:10
కారణం ఎఫ్‌ఏ మార్కులు ఆన్‌లైన్‌లో ఎక్కించాల్సిన తేదీ.

వంశధార · 8:14
అదీ సంగతి! నిన్నటి నుంచీ ఆ ఒక్క మాట బయటికి రాలేదు. మీ గడువు పిల్లాడికి కాదు, పోర్టల్‌కి.

ఎర్రపెన్ను · 8:31
అవును, పోర్టల్‌కే. మెమో వస్తే మీ పేరు మీద వస్తుందా, నా పేరు మీద వస్తుందా? సూక్తులు చెప్పడం తేలిక. ఖాళీ గడి ఉంచితే పై నుంచి ఫోను వస్తుంది. ఆ గడిలో ఏదో ఒకటి పడాలి.

ఉద్దానం_కొబ్బరి · 8:35
నెమ్మది మాస్టార్లూ, నెమ్మది.

వంశధార · 8:49
ఏదో ఒకటి పడాలి అన్నారు చూడండి, అదే అడుగుతున్నా. ఏం పడుతోంది? ఏ బడి ఎఫ్‌ఏ పట్టీ తీసినా 8, 9, 8, 9. స్లిప్ టెస్ట్‌లో ఇరవైకి 6 వచ్చినవాడికి రాతపనిలో పదికి 9 ఎలా వస్తోంది? ఆ 9 అబద్ధం అయినప్పుడు, అందులోంచి ఆలస్యానికి ఒకటి కోసి 8 చేస్తే నిజం అవుతుందా?

ఎర్రపెన్ను · 9:20
సరే, చెప్తాను వినండి. భాషకి నిజంగా మార్కు వేస్తే తరగతిలో సగం మందికి 3 పడుతుంది. 3 ఎక్కిస్తే 'మీరు చెప్పలేదు' అంటారు, పిల్లాడికి రాలేదు అనరు. కాబట్టి 3 ఎవరూ ఎక్కించరు. ఆ పదిలో నేను నిజంగా వెయ్యగలిగేది తేదీ ఒక్కటే. శనివారం తెచ్చాడా లేదా అన్నదాంట్లో అబద్ధం లేదు. అది కూడా తీసేయమంటే ఆ గడిలో ఇక మిగిలేది నా సంతకం. అందుకే కోస్తాను. మీకు కఠినంగా కనిపిస్తే కనిపించనీండి.

కిటికీ_పక్క_సీటు · 9:24
ఇంతకీ బుధవారమేనా?

తోటపాలెం_మేడం · 9:41
ఎర్రపెన్ను గారు చెప్పినది నలుగురిలో ఎవరూ అనరు, అన్నారు కాబట్టి దణ్ణం. కానీ ఆ తేదీ నిజం ఎవరికి ఉపయోగపడుతోంది? పదో తరగతిలో అంతర్గత 20 మార్కులు 2019–20 నుంచి తీసేశారు. ఇంగ్లిష్ పేపరు నూటికి నూరూ పరీక్ష గదిలోనే. తొమ్మిదిన్నర నుంచి పన్నెండు ముప్పావు దాకా, ప్రశ్నపత్రం చదువుకునే 15 నిమిషాలు కలుపుకుని. అక్కడ పక్కవాడి పుస్తకం లేదు, గైడు లేదు. శనివారం ఠంచనుగా తెచ్చి ఎక్కించినవాడు అక్కడ ఉత్తరం దగ్గర పేరు, చిరునామా, తేదీ వేసి ఆగిపోతాడు. 35 రావాలంటే వాడికి కావలసింది ఇరవై నిమిషాలు ఒంటరిగా రాసిన అలవాటు. దానికి గడువు శనివారం కాదు, బడి గంట. రాయడం మొదలైన ఇరవై నిమిషాలకి పెన్నులు కింద పెట్టించండి. గడువంటే పిల్లాడికి తెలిసేది అలాగే.

వంశధార · 10:05
మేడం మాటే నా మాట. ఎర్రపెన్ను గారూ, సూక్తులన్నారని కోపం వచ్చింది, పోయింది. 3ని పోర్టల్‌లో వెయ్యలేమన్నది నిజమే. కానీ ఎడమ పేజీ మూలన వెయ్యగలం కదా? నిజం మార్కు ఎడమ పేజీలో, చిన్నగా, పెన్సిల్‌తో. పై డిస్కోర్స్‌కి పిల్లాడు దాన్ని దాటాడా లేదా చూసుకుంటాడు. 3 నుంచి 4కి వచ్చినవాడికి సంతోషం ఉంటుంది, 9 నుంచి 9కి వచ్చినవాడికి ఏముంటుంది?

ఎర్రపెన్ను · 10:18
తనిఖీవాళ్లు ఎడమ పేజీలో 3 చూసి పోర్టల్‌లో 8 చూస్తే?

వంశధార · 10:21
అంకె వద్దు. చుక్కలు పెట్టండి. మూడు చుక్కలు.

ఎర్రపెన్ను · 10:30
చుక్కలు పెడతాను. తేదీకి మార్కు కొయ్యడం మాత్రం మానను. ఒకటికి మించి కొయ్యను, అంతే.

నాగావళి_గట్టు · సాయంత్రం 7:15
అందరికీ నమస్కారం. ఎడమ రఫ్, కుడి ఫెయిర్, వారానికి ఒక రకం తప్పు, పదిహేనేసి పుస్తకాలు, ఈ నాలుగూ తీసుకుంటున్నా. ముసాయిదా తరగతిలోనే, ఇరవై నిమిషాలకి గంట. ఫెయిర్‌కి సెక్షన్‌కో రోజు, సోమ, బుధ, శుక్రవారాలు. ఆ రోజు దాటితే పిల్లాడు మధ్యాహ్న భోజనం గంట కొట్టాక పది నిమిషాలు కూర్చుని అక్కడే కుడి పేజీ రాసి వెళ్లాలి. మార్కు కోత ముందు ఒక ఎఫ్‌ఏ దాకా ఆపి చూస్తాను.

ఉద్దానం_కొబ్బరి · 7:19
భోజనం గంట కొట్టాక ఎవడు కూర్చుంటాడు మాస్టారూ. గుడ్డు ఉన్న రోజైతే అసలే కూర్చోడు. తిన్నాక పెట్టండి.